విమానం నుంచి విడివడే క్షిపణి వాయుగతి: కాగితపు నమూనాతో నేర్చుకునే పద్ధతి

విమానం నుంచి ప్రయోగించే క్షిపణి గురించి చదివేవారు సాధారణంగా దాని వేగాన్నీ, అది వెళ్లగలిగే దూరాన్నీ చూస్తారు. వాయుగతిశాస్త్రం దృష్టితో చూస్తే అసలు పరీక్ష అంతకుముందే, విమానాన్ని వదిలిన తొలి క్షణాల్లోనే జరుగుతుంది. అప్పటికి ఇంధనం ఏమాత్రం ఖర్చు కాలేదు కాబట్టి క్షిపణి అత్యంత బరువుగా ఉంటుంది. మోటారు వెనుక భాగంలో ఉండే సాధారణ అమరికలో గురుత్వ కేంద్రం కూడా ఆ క్షణంలోనే బాగా వెనక్కి ఉంటుంది. ఇంధనం మండేకొద్దీ అది ముందుకు జరిగి, స్థిరత్వం పెరుగుతుంది. అంటే స్థిరత్వం తక్కువగా ఉన్న సమయంలోనే క్షిపణి విమానం రెక్క చెదరగొట్టిన గాలిలోంచి దాటిపోవలసి వస్తుంది. ఈ రెండూ ఒకేసారి కలవడమే ఈ విషయంలోని కీలకం. దీన్ని ఇంజనీరింగ్ మొదటి, రెండో సంవత్సరం విద్యార్థులు చార్టు కాగితం, సన్‌బోర్డు, టేబుల్ ఫ్యానులతో తమ చేతులతోనే ఎలా అర్థం చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక నియమం. ఈ పద్ధతిలో మోటారు, మందుగుండు, గాలి ఒత్తిడితో ఎగిరే అమరిక ఏదీ లేదు, అవసరం కూడా లేదు. నమూనాలను డ్రోన్ నుంచి వదిలి చూడాలన్న ఆలోచన విశాఖపట్నంలో అసలే పెట్టుకోవద్దు. ఇక్కడి విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగాలో భాగం, నౌకాదళ స్థావరాల పరిసరాల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయడం నిషిద్ధం. మనకు కావలసిన పాఠమంతా కళాశాల మేడ మీదా, ఒక గదిలోనూ దొరుకుతుంది.

ఆకారాన్ని చదవడం

కొలతలు మొదలుపెట్టే ముందు కొన్ని ఆకారాలను శ్రద్ధగా చూడాలి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎదురుగా ఉన్న టీయూ-142 విమాన మ్యూజియం ఇందుకు చక్కగా పనికొస్తుంది. 1988 నుంచి 2017 వరకు నౌకాదళంలో పనిచేసిన విమానం అది. దాని రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి, ఆయుధాలను పొట్టలోని అరలో మోసేవారు. అక్కడ నిలబడి మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చోటు నుంచి ఒక పొడవాటి వస్తువును కిందికి వదిలితే దాని ముక్కుకు తగిలే గాలి, తోకకు తగిలే గాలి ఒకే దిశలో వస్తాయా? పొట్టలోని అరలైతే సమస్య ఇంకో రూపంలో ఉంటుంది. అర పొడవు దాని లోతుకు సుమారు 10 రెట్ల లోపు ఉంటే గాలి దాని మీదుగా దూకి వెళ్లిపోతుంది, కానీ లోపల హోరు పుడుతుంది. 13 రెట్లు దాటితే గాలి లోపలికి దిగి నేలను తాకి తిరిగి పైకి లేస్తుంది. అప్పుడు లోపలి వస్తువు ముక్కు పైకి తిరిగే బలానికి లోనవుతుంది. ఆ రెండింటి మధ్య ఉండే అరల్లో గాలి ప్రవర్తన ముందుగా ఊహించడం కష్టం.

క్షిపణుల ఫొటోల్లో మూడు అంశాలు గమనించండి: తోక రెక్కల వెడల్పు, మధ్య రెక్కలు ఉన్నాయా లేవా, తిరిగే రెక్కలు (క్షిపణి దిశ మార్చడానికి కోణం మారేవి) ముందున్నాయా వెనకున్నాయా. మన అస్త్ర క్షిపణికి మధ్యలో సన్నని పొడవాటి రెక్కలు, వెనుక తిరిగే రెక్కలు ఉంటాయి. అమెరికా సైడ్‌వైండర్ తొలి తరాలలో తిరిగే రెక్కలు ముందు భాగంలో ఉండేవి. వాటి నుంచి రేగిన సుడులు వెనుక రెక్కలను తాకి క్షిపణి తన చుట్టూ తాను పొర్లే ప్రమాదం ఉండేది. దాన్ని అదుపు చేయడానికి వెనుక రెక్కల కొసల్లో చిన్న పళ్ల చక్రాలు అమర్చారు. ఎదురుగాలికి అవి గిర్రున తిరుగుతూ, గైరోస్కోప్ మాదిరిగా ఆ పొర్లుడును నెమ్మదింపజేసేవి. ఒక్క కంప్యూటరూ లేకుండా ఇంత పని సాధించిన ఆ చిన్న చక్రాన్ని గొప్ప ఇంజనీరింగ్ పనుల్లో ఒకటిగా నేను భావిస్తాను.

నమూనా తయారీ

50 ఎంఎం పీవీసీ పైపు ముక్కను అచ్చుగా వాడి, దాని చుట్టూ చార్టు కాగితాన్ని మూడు నాలుగు పొరలు ఫెవికాల్‌తో చుట్టి, ఆరాక పైపును బయటికి లాగేయండి. ముందు 12 సెం.మీ. పొడవైన శంకువును అతికించండి. ముక్కుతో కలిపి మొత్తం పొడవు 60 సెం.మీ. ఉండాలి. సన్‌బోర్డుతో నాలుగు తోక రెక్కలు కోయండి: దేహానికి అతికే అంచు 8 సెం.మీ., బయటి అంచు 4 సెం.మీ., దేహం నుంచి బయటికి పొడుచుకు వచ్చే వెడల్పు 5 సెం.మీ. రెక్క వెనుక అంచు నిటారుగా దేహం చివరతో సమంగా ఉండాలి, ముందు అంచు వాలుగా ఉండాలి. ఇవే కొలతలతో, వెడల్పు మాత్రం 2.5 సెం.మీ. ఉండేలా మరో నాలుగు రెక్కలు కూడా కోసి పెట్టుకోండి. రెక్కలను శాశ్వతంగా అతికించకుండా టేపుతో బిగిస్తే మార్చుకోవడానికి వీలుంటుంది. గురుత్వ కేంద్రాన్ని జరపడానికి ముక్కులో పెట్టే క్లే ముద్ద కావాలి.

దారం ఉచ్చులో నమూనాను వేలాడదీసి, అది అడ్డంగా సమంగా నిలిచే చోటును పెన్సిలుతో గుర్తించండి. అదే గురుత్వ కేంద్రం. క్లేతో సర్ది దాన్ని ముక్కు కొస నుంచి 33 సెం.మీ. దగ్గరకు తీసుకురండి. ఇక మీద రెక్కలు మార్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ 33కే సరిచేయాలి. లేకపోతే తేడా రెక్కల వల్ల వచ్చిందో, బరువు వల్ల వచ్చిందో తేల్చుకోలేరు.

పీడన కేంద్రం లెక్క

వస్తువు గాలికి కొద్దిగా వాలుగా ఉన్నప్పుడు దాని మీద పడే పక్కబలమంతా ఒక బిందువు వద్ద పనిచేస్తున్నట్లు భావించవచ్చు. ఆ బిందువును పీడన కేంద్రం అంటారు. అది గురుత్వ కేంద్రానికి వెనుక ఉంటే ముక్కు తిరిగి గాలికి ఎదురుగా సర్దుకుంటుంది, ముందు ఉంటే వస్తువు తిరగబడుతుంది. బాణం తోకకు ఈకలు కట్టడంలోని కారణం ఇదే. ఈ రెండు బిందువుల మధ్య దూరాన్ని దేహం వ్యాసంతో భాగిస్తే స్థిరత్వపు కొలత వస్తుంది.

1960ల్లో నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్ అభిరుచి రాకెట్ల కోసం సులువు చేసి ఇచ్చిన పద్ధతిలో ఈ కేంద్రాన్ని కాగితం మీదే లెక్కకట్టవచ్చు. ధ్వని కంటే తక్కువ వేగానికి, చిన్న కోణాలకు అది బాగా సరిపోతుంది. ప్రతి భాగం పక్కబలానికి ఎంత తోడ్పడుతుందో ఒక విలువగా రాస్తారు. ముక్కు శంకువు విలువ ఎప్పుడూ 2. దాని బలం శంకువు పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర, అంటే మన నమూనాలో 8 సెం.మీ. వద్ద పనిచేస్తుంది. సమ వ్యాసంతో ఉండే గొట్టం విలువ చిన్న కోణాల్లో సున్నా అని తీసుకుంటారు.

ఇక రెక్కలు. ఇక్కడ ఓపిగ్గా ఒక్కో మెట్టు వేయండి. రెక్క వెడల్పును దేహం వ్యాసంతో భాగించి, వర్గం చేసి, 4తోనూ, రెక్కల సంఖ్యతోనూ గుణించండి: 5ను 5తో భాగిస్తే 1, దాని వర్గమూ 1, అందువల్ల ఫలితం 16. తర్వాత రెక్క లోపలి అంచు మధ్య బిందువు నుంచి బయటి అంచు మధ్య బిందువు వరకు గీసిన గీత పొడవు కావాలి. మన రెక్కలో అది 5.39 సెం.మీ. దాన్ని రెట్టింపు చేసి, రెండు అంచుల మొత్తమైన 12తో భాగించి, వర్గం చేసి, 1 కలిపి, వర్గమూలం తీసి, మళ్లీ 1 కలపండి: 2.34. ఇప్పుడు 16ను 2.34తో భాగిస్తే సుమారు 6.83. దేహం పక్కనే ఉండడం వల్ల రెక్క బలం కొంత పెరుగుతుంది కనుక, దేహం వ్యాసార్ధాన్ని వ్యాసార్ధం, వెడల్పుల మొత్తంతో భాగించి 1 కలిపితే వచ్చే 1.33తో గుణించాలి. రెక్కల విలువ 9.1 అయింది.

ఆ బలం పనిచేసే చోటుకు రెండు ముక్కలు కలపాలి. ముందు అంచు వాలు దూరం (లోపలి కొస కంటే బయటి కొస ఎంత వెనక్కి ఉందో ఆ మేర) 4 సెం.మీ.; దానిలో మూడో వంతును, లోపలి అంచుకు బయటి అంచు రెట్టింపు కలిపిన 16ను 12తో భాగించిన విలువతో గుణిస్తే 1.78. రెండు అంచుల మొత్తం 12లోంచి, వాటి లబ్ధం 32ను 12తో భాగించగా వచ్చిన 2.67 తీసేసి, ఆరుతో భాగిస్తే 1.56. రెక్క ముక్కు నుంచి 52 సెం.మీ. వద్ద మొదలవుతుంది కాబట్టి బలం 55.3 సెం.మీ. దగ్గర ఉంది. ముక్కు, రెక్కల విలువలను వాటి దూరాలతో గుణించి, కూడి, మొత్తం విలువ 11.1తో భాగించండి: పీడన కేంద్రం 46.8 సెం.మీ. వద్ద తేలుతుంది. గురుత్వ కేంద్రం 33 వద్ద ఉంది కనుక స్థిరత్వం సుమారు 2.8 వ్యాసాలు.

ఇదే లెక్కను 2.5 సెం.మీ. రెక్కలతో మళ్లీ చేయండి. నన్ను నమ్మకుండా మీరే చేయండి. రెక్కల విలువ 9.1 నుంచి 2.8కి పడిపోతుంది, పీడన కేంద్రం సుమారు 35.7కి ముందుకు జరుగుతుంది, స్థిరత్వం అర వ్యాసానికి కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. వెడల్పు సగమైతే బలం సగం కాలేదు, మూడో వంతు కంటే తగ్గింది. రెక్కలు పూర్తిగా తీసేస్తే ముక్కు ఒక్కటే మిగులుతుంది, పీడన కేంద్రం 8 సెం.మీ. వద్దకు వచ్చేస్తుంది. విమానం కింద చోటు చాలక రెక్కలను కుదించవలసి వచ్చినప్పుడు డిజైనర్లు ఎంత మూల్యం చెల్లిస్తారో ఈ అంకెలు చెబుతాయి. రష్యా ఆర్-77 క్షిపణికి జల్లెడ లాంటి రెక్కలు పెట్టడానికి గల కారణాల్లో ఇది ఒకటి: మోసుకెళ్లేటప్పుడు వాటిని దేహానికి ఆనించి మడవవచ్చు.

స్థిరత్వం ఎక్కువైతే మంచిదే కదా అని తోచవచ్చు. అలా కాదు. అతిగా స్థిరమైన క్షిపణి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది, దాన్ని తిప్పడానికి రెక్కలను ఎక్కువ కోణంలో వంచాలి, దానితో గాలి నిరోధం పెరిగి వేగం తగ్గుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది: ధ్వని వేగాన్ని బాగా దాటాక రెక్కల బలం క్రమంగా తగ్గి పీడన కేంద్రం ముందుకు జరుగుతుంది. అందువల్ల ఒకే క్షిపణి వదిలేటప్పుడు ఒక స్థిరత్వంతో, వేగం అందుకున్నాక మరో స్థిరత్వంతో ఎగురుతుంది.

మేడ మీది నుంచి వదలడం

విశాఖలో ఈ పరీక్షకు తెల్లవారుజాము తర్వాతి గంటలే మేలు. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి మొదలవుతుంది, దానితో ఫలితాలు తారుమారవుతాయి. సుమారు 6 మీటర్ల ఎత్తు నుంచి, కింద ఎవరూ లేరని ఒకరిని కాపలా పెట్టి నిర్ధారించుకుని, నమూనాను అడ్డంగా పట్టుకుని వదలండి. నేలను చేరడానికి 1.1 సెకన్లు పడుతుంది, చివరి వేగం సెకనుకు దాదాపు 11 మీటర్లు. పక్క నుంచి ఫోనులో స్లో మోషన్ వీడియో తీయండి.

పెద్ద రెక్కలున్నది వెంటనే ముక్కు కిందికి దించుతుంది, ఒక్కోసారి నిట్టనిలువు దాటిపోయి మళ్లీ వెనక్కి ఊగుతుంది. చిన్న రెక్కలున్నది నెమ్మదిగా తిరుగుతుంది, నేలను చేరేటప్పటికి ఇంకా వాలుగానే ఉండవచ్చు. రెక్కలు లేనిదానికి ముక్కు దించే బలమే ఉండదు. వదిలినప్పటి చిన్న తేడాను బట్టి ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. వీడియోను ఆపి ఆపి, ప్రతి పదో వంతు సెకనుకు ముక్కు కోణాన్ని కొలిచి గ్రాఫు గీయండి. ఈ గ్రాఫు ఒక్కటి చేతిలో ఉంటే పుస్తకంలోని డోలన సమీకరణం మీకు కొత్తగా అనిపించదు. వీలుంటే సముద్రపు గాలి వీచే వేళ కూడా ఒకసారి వదిలి చూడండి: పెద్ద రెక్కలున్నది గాలి వచ్చే వైపుకు ముక్కు తిప్పుతుంది. అతి స్థిరత్వానికి ఉన్న రెండో దోషం అదే, ప్రతి పక్కగాలికీ లోబడిపోవడం.

నిజ జీవితంలో ఈ పతనం ఎంతసేపు ఉంటుందో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. సుఖోయ్-30ఎంకేఐ విమానం పొట్ట కింద మోసే బ్రహ్మోస్ బరువు సుమారు 2.5 టన్నులు, విమానం నుంచి దాన్ని తొలిసారి 2017 నవంబరు 22న బంగాళాఖాతంపై ప్రయోగించారు. వదిలాక అది 100 నుంచి 150 మీటర్లు కిందికి పడి, ఆ తర్వాతే మోటారు అందుకుంటుంది. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే ఆ పతనం నాలుగున్నర నుంచి ఐదున్నర సెకన్లు. అంతసేపు దాన్ని సరిగ్గా నిలబెట్టేది గాలి మాత్రమే. విమానం నుంచి వదిలే ఈ రూపంలో బూస్టర్‌ను (తొలి వేగాన్నిచ్చే మోటారును) చిన్నది చేసి, వదిలిన తర్వాతి స్థిరత్వం కోసం రెక్కలు చేర్చడానికి కారణం మీ మేడ మీది వీడియోలో మీకే కనిపిస్తుంది.

రెక్క నీడలో గాలి

ఇక అసలు విషయం. 16 అంగుళాల టేబుల్ ఫ్యాను ముందు, శీతల పానీయాల స్ట్రాలను తేనెపట్టులా పక్కపక్కన పేర్చి కట్టిన తెర పెట్టండి. ఫ్యాను గాలి సుడి తిరుగుతూ వస్తుంది, స్ట్రాలు దాన్ని చాలావరకు తిన్నగా చేస్తాయి. ఈ తెర లేకుండా చేసిన కొలతలకు విలువ లేదు. థర్మోకోల్‌తో ముందు అంచు నుంచి వెనుక అంచుకు 20 సెం.మీ. ఉండే రెక్క చెక్కి, ముందు అంచును కొద్దిగా పైకెత్తి, గాలిలో నిలబెట్టండి. సన్నని తీగ కొసకు రెండు అంగుళాల ఊలు దారం కట్టి, రెక్క కింద 5 సెం.మీ. ఎడంలో ఒక్కో చోట ఉంచి, దారం ఏ కోణంలో ఊగుతుందో గళ్ల కాగితం మీద బాణం గుర్తులు వేయండి. రెక్క ముందు అంచుకు ఇవతల గాలి పైకి లేస్తుంది, వెనుక అంచు దాటాక కిందికి వాలుతుంది. ఆ కాగితం మీద ఒక పొడవాటి దేహాన్ని గీసి చూస్తే, ముక్కుకు ఒక గాలి, తోకకు మరో గాలి తగులుతున్నాయని స్పష్టమవుతుంది.

తర్వాత సగం సైజులో, అంటే 30 సెం.మీ. పొడవున ఇంకో నమూనా చేసి, గురుత్వ కేంద్రం గుండా సైకిలు స్పోకును అడ్డంగా దూర్చి, రెండు స్టాండ్ల మీద స్వేచ్ఛగా ఊగేలా అమర్చండి. ముందు ఖాళీ గాలిలో, ఆపై థర్మోకోల్ రెక్క కింద ఉంచి, ముక్కు ఏ కోణంలో నిలుస్తుందో కొలవండి. ముక్కు రెక్కకు ముందుగానూ, తోక వెనుక అంచు దగ్గరగానూ ఉండేలా పెడితే, ముక్కు పైకి లేచే ధోరణి కనిపించాలి: ముందు గాలి ముక్కును పైకి నెడుతుంది, వెనుక గాలి తోకను కిందికి నెడుతుంది. స్పోకును ఒక్కో అంగుళం దించుతూ పోతే ఆ కోణం తగ్గిపోతుంది. ఎంత లోతుకు దిగితే రెక్క ప్రభావం తప్పుతుందో మీ గ్రాఫులోనే తేలుతుంది.

ముక్కు పైకి లేచిన క్షిపణికి లిఫ్ట్ (పైకెత్తే బలం) పుడుతుంది, ఆ లిఫ్ట్ దాన్ని తిరిగి విమానం వైపే తీసుకొస్తుంది. అందుకే బరువైన వాటిని ఊరికే వదలరు. ముందొకటి, వెనకొకటిగా ఉండే రెండు పిస్టన్లతో కిందికి తోస్తారు. ఆ రెండింటి తోపును వేర్వేరుగా సర్ది, విడివడే క్షణంలోనే ముక్కు తగినంత కిందికి వంగేలా చూస్తారు. రెక్క కొసన పట్టా మీది నుంచి ముందుకు దూసుకుపోయే తేలికపాటి క్షిపణులకు ఈ ఇబ్బంది తక్కువ. అయితే అన్ని విమానాల్లోనూ ముక్కు పైకే లేస్తుందని అనుకోవద్దు. రెక్క వెనక్కి ఎంత వాలి ఉంది, పక్కన ఇంకేం వేలాడుతోంది, మధ్యలో ఉన్న పైలాన్ (రెక్కకు క్షిపణిని తగిలించే అమరిక) ఆకారం ఏమిటి అన్న వాటిని బట్టి కొన్నిచోట్ల ముక్కు కిందికి, కొన్నిచోట్ల పక్కకు కూడా లాగబడుతుంది.

విశాఖలో టార్పెడోల మీద పనిచేసే నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల ఉంది కనుక ఈ మాట ఇక్కడే చెప్పాలి: విమానం నుంచి జారవిడిచే టార్పెడోకు గాలి తర్వాత నీరు అనే రెండో పరీక్ష ఉంటుంది. అందుకే సాధారణంగా పారాచూట్‌తో వేగం తగ్గించి, సరైన కోణంలో నీటిలోకి దింపుతారు.

ఫ్యాను చెప్పలేనివి

మీ ఫ్యాను గాలి సెకనుకు 4 మీటర్లు అనుకుంటే, 30 సెం.మీ. నమూనాకు రేనాల్డ్స్ సంఖ్య (గాలి జడత్వ ప్రభావం దాని జిగట ప్రభావానికి ఎన్ని రెట్లో చెప్పేది) సుమారు 80 వేలు. సెకనుకు 250 మీటర్ల వేగంతో సముద్ర మట్టానికి దగ్గరగా ఎగిరే 3.6 మీటర్ల క్షిపణికి అది 6 కోట్ల పైమాట. ధ్వని వేగం దగ్గర పుట్టే ఆఘాత తరంగాలు (షాక్ వేవ్‌లు) ఫ్యాను గాలిలో పుట్టనే పుట్టవు. కాబట్టి మీ కొలతల నుంచి దిశను, ధోరణిని మాత్రమే తీసుకోండి, బలాల అంకెలను తీసుకోవద్దు. ఎత్తు సంగతి కూడా లెక్కలో ఉండాలి. ధ్వని వేగంలో 0.8 వంతున ఎగిరినప్పుడు సముద్ర మట్టం వద్ద గాలి గతిక పీడనం (వేగం వల్ల గాలి కలిగించే ఒత్తిడి) సుమారు 45 కిలోపాస్కల్స్ అయితే, 11 కి.మీ. ఎత్తున 10 మాత్రమే. మాక్ సంఖ్య (ధ్వని వేగంతో పోల్చిన వేగం) అదే, రెక్క అదే, కానీ ముక్కును సరిదిద్దే బలం నాలుగో వంతు కంటే తక్కువ. కింద భద్రంగా విడివడినది పైన కూడా అలాగే విడివడుతుందని ఎవరూ ముందే చెప్పలేరు. ప్రతి ఎత్తుకూ, ప్రతి వేగానికీ విడిగా పరీక్షించేది ఇందుకే.

పెద్ద ప్రయోగశాలల్లో ఈ పనిని విండ్ టన్నెల్‌లో (అదుపు చేసిన గాలిని వీచే సొరంగంలో) చేస్తారు. క్షిపణి నమూనాను ఒక కడ్డీ కొసన అమర్చి, దాని మీద పడే బలాలను కొలిచి, ఆ బలాలకు అది తర్వాతి క్షణంలో ఎక్కడ ఉంటుందో కంప్యూటరు లెక్కించి, కడ్డీని అక్కడికి జరుపుతుంది. అలా మెట్టు మెట్టుగా పతన మార్గమంతా గీస్తారు. మీరు స్పోకును అంగుళం చొప్పున దించుతూ చేసినది ఈ పనికే చిన్న రూపం. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో ధ్వని వేగానికి అటూ ఇటూ పరీక్షించగల 1.2 మీటర్ల టన్నెల్ 1967 నుంచి ఉంది. మీ కళాశాలలో చిన్న టన్నెల్ ఉంటే, అధ్యాపకుల దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకండి: బాణం గుర్తుల గళ్ల కాగితం, స్పోకు కోణాల గ్రాఫు, పీడన కేంద్రం లెక్క మూడూ పట్టుకెళ్లి, రెక్క కింద ఏ మూడు లోతుల్లో కొలత కావాలో స్పష్టంగా అడగండి. లెక్కను సరిచూసుకోవడానికి ఉచితంగా దొరికే ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్‌లో ఇవే కొలతలు ఇచ్చి చూడండి. అది బారోమన్ పద్ధతినే విస్తరించి వాడుతుంది. దానికీ మీ లెక్కకూ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు. ఐదారు సెంటీమీటర్లు వస్తే మాత్రం రెక్క వెడల్పును దేహం ఉపరితలం నుంచి కొలిచారా, దేహం మధ్యరేఖ నుంచి కొలిచారా అన్నది ముందుగా చూడండి.